భవిత నోరు తెరవడం లేదు

క్యారీ
ఫిబ్రవరి 4

ఛాయా,

ఫోన్ చేయకుండా ఇంత పొడుగు మెయిల్ ఏంటని కంగారుపడకు. మా భవితకి తెలుగు మాట్లాడటం అరకొరగా వచ్చినా వినడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. కార్‌లో గొంతు తగ్గించినా, బాత్రూమ్‌లో తలుపేసుకుని మాట్లాడినా దానికి వినపడుతుంది. చదవడం ఒక్కటే రాదు. కాబట్టి ఈ ఇంట్లో రహస్యాలు దాచుకోవడానికి తెలుగు అక్షరాలు తప్ప ఇంకో చోటు లేదు. టెన్త్ క్లాసులో మనం చీటీలు రాసుకున్నాక మళ్ళీ తెలుగులో రాయడం ఇదే. తప్పులుంటే క్షమించు.

దానికి ఆరేళ్ళు నిండాయి. కింది వరసలో ఎడమ పక్క పాలపన్ను ఒకటి పుచ్చింది. మంగళవారం ఇక్కడ పిల్లల డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం. వెయిటింగ్ రూమ్‌లో చేపల తొట్టె ముందు అరగంట హాయిగా ఆడింది. కుర్చీ ఎక్కించగానే పెదాలు బిగించేసింది. డాక్టర్ పెద్దాయన, ఓపిక ఉన్నవాడే. బతిమాలాడు, బొమ్మ చూపించాడు, స్టిక్కర్లు ఇస్తానన్నాడు. చివరికి వేలు పెట్టి చూడబోతే కరిచింది. ఆయన గ్లవ్ తీసి వేలు చూసుకుంటూ "మిగతా పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి" అన్నాడు. మా ఆయన రఘు ఆ మాటకి నవ్వాడు. ఇంటికొచ్చేదాకా అతనితో మాట్లాడలేదు నేను.

మేం దాన్ని ఏనాడూ దేనితోనూ భయపెట్టలేదు. పిల్లల పెంపకం మీద నాలుగు పుస్తకాలు చదివాను, రఘుకి సమ్మరీలు కూడా పంపాను. ఈ భయం ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చిందో నాకు అర్థం కావడం లేదు.

నువ్వు పిల్లల దంతాల డాక్టరువి. గుంటూరులో ఆరేళ్ళు అదే పని చేశావు, ఇప్పుడు అమెరికా వచ్చాక చాండ్లర్‌లోనూ అదే. డాక్టర్లు వేసుకునే నీలం స్క్రబ్స్‌లో నీ ఫోటో మీ పిన్ని గారు పెడితే చూశాను. ఏం చేయాలో వివరంగా రాయి డాక్టర్ గారూ.

గీత


చాండ్లర్
ఫిబ్రవరి 6

గీతా,

మన మధ్య డాక్టర్ గారూ ఏంటే? ఛాయా అను చాలు.

ముందు ఒకటి తెలుసుకో. కరిచిన పిల్ల చెడ్డ పిల్ల కాదు. ఏమీ చేయలేని చోట తనకి చేతనైంది చేసింది. మా క్లినిక్‌లో నెలకొకరైనా కరుస్తారు.

ఇంట్లో ఇలా చెయ్యి. రోజూ పళ్ళు తోమేటప్పుడు దాన్ని నీ ఒళ్ళో తల పెట్టి పడుకోమను. బ్రష్‌తో ఒక్కో పన్నూ తాకుతూ లెక్కపెట్టు. కుర్చీలో పడుకోవడం అలవాటవుతుంది. "భయపడకు" అనకు. ఆ మాట వినగానే, భయపడాల్సింది ఏదో ఉందని పిల్లలకి తెలిసిపోతుంది. నొప్పి, సూది అనే మాటలు నీ అంతట నువ్వు తేవద్దు. ఏదైనా చేసేముందు ఏం చేస్తారో చెప్పాలి, ఆ పరికరం చూపించాలి, ఆ తర్వాతే చేయాలి. ఎడమ చెయ్యి ఎత్తితే డాక్టర్ ఆపుతాడని చెప్పు. ఆయన నిజంగానే ఆపాలి. ముందే మాట్లాడి పెట్టుకో.

అన్నిటికంటే ముఖ్యం, అబద్ధం చెప్పొద్దు. "అసలు ఏమీ చేయరు, ఊరికే చూసి పంపిస్తారు" అంటారు చాలామంది తల్లులు. ఒక్కసారి దొరికిపోయారంటే ఆ పిల్ల ఇంకెవర్నీ నమ్మదు. అది అడిగితే నిజమే చెప్పు, కొంచెంగా, దానికి అర్థమయ్యేట్టు.

ఛాయ


క్యారీ
ఫిబ్రవరి 19

ఛాయా,

నువ్వు చెప్పినవన్నీ అమలు చేశాను. ఒక షీట్ తయారుచేసి ఫ్రిజ్‌కి అంటించాను, రోజుకో రంగు. పళ్ళు లెక్కపెట్టడం ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. డెంటిస్ట్ బొమ్మల సెట్ కొన్నాను, అందులో మొసలికి పళ్ళు ఊడొస్తాయి. పిల్లలు నవ్వుతూ పళ్ళు బాగుచేయించుకునే వీడియోలు పదకొండు చూపించాను. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చాను. నీ చెయ్యెత్తే పద్ధతి కూడా నేర్పాను.

ఫలితం రాస్తాను, చదువు. చెయ్యెత్తితే ఎవరైనా ఆపాలని అది గట్టిగా నమ్మింది. కాకరకాయ వడ్డిస్తే చెయ్యెత్తుతుంది. పియానో క్లాసులో ఎత్తుతుంది. మొన్న నేను రఘుని కోప్పడుతుంటే ఎత్తింది, అతను థాంక్స్ చెప్పాడు. నొప్పి అనే మాట ఇంట్లో నిషేధించాను. రఘు తలనొప్పి అన్నాడని "నాన్నా, బ్యాడ్ వర్డ్" అని ఏడ్చింది. ఆ మాటలో ఏముందోనని ఇప్పుడు దానికి కొత్త దిగులు. మొసలికి మాత్రం ట్రీట్‌మెంట్ చేయనివ్వదు. ఆ డబ్బాని అలమార పైన పెట్టించింది, మూత మీద పుస్తకాలు పెట్టి.

ఎక్కడ తప్పు చేశాను?

గీత


చాండ్లర్
ఫిబ్రవరి 21

గీతా,

తప్పు నాదే. నీకు సలహాలు విడివిడిగా ఇవ్వాల్సింది. అన్నీ ఒకేసారి చేతికిస్తే నువ్వు వాటిని ప్రాజెక్ట్ చేస్తావని గుర్తులేదు. రెండు వారాలుగా ఇల్లంతా దాని పన్ను గురించే ఆలోచిస్తుంటే, ఏదో పెద్ద ప్రమాదం వస్తోందని అదెందుకు అనుకోదు? ఆ షీట్ చింపెయ్. పళ్ళు లెక్కపెట్టడం ఒక్కటి ఉంచు, రోజుకి ఒక్కసారి, నవ్వుతూ.

ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. దానికి డాక్టర్ గురించో సూది గురించో ఎవరైనా ఏమైనా చెప్పారా? ఇంత బిగుసుకుపోయే పిల్లల వెనక తరచూ ఒక మాట ఉంటుంది. సరదాకి అన్నదే అయినా సరే.

ఛాయ


క్యారీ
మార్చి 8

ఛాయా,

మళ్ళీ వెళ్ళాం. డాక్టర్ స్టూల్ మీద కూర్చోకముందే అది చెయ్యెత్తింది. ఆయన మాట ప్రకారం ఆగాడు. దించింది. ఆయన అద్దం తీసుకున్నాడు. ఎత్తింది. పద్నాలుగుసార్లు, లెక్కపెట్టాను. అరగంట అయ్యాక ఆయన అద్దం కింద పెట్టి, నన్ను బయటికి పిలిచి, పుచ్చు లోతుగా ఉంది, ఇంకా ఆలస్యం చేస్తే వాస్తుంది, హాస్పిటల్లో పూర్తి మత్తు ఇచ్చి చేయించుకోండి అన్నాడు. ఒక్క పాలపన్ను కోసం పూర్తి మత్తు! ప్రమాదమేమీ లేదని ఆయన చాలాసేపు చెప్పాడు. ఆలోచించి చెప్తానని దాన్ని తీసుకుని వచ్చేశాను. ఇప్పుడది ఒక పక్కే నములుతోంది. ఐస్ క్రీమ్ వద్దంటోంది. ఐస్ క్రీమ్ వద్దనే పిల్లని చూశావా ఎక్కడైనా?

నువ్వడిగిన దానికి జవాబు: మేమైతే ఏమీ అనలేదు. కిందటి వేసవిలో రఘు వాళ్ళమ్మ వచ్చి నెల్లాళ్ళున్నారు. పెద్దావిడ, ఏమైనా అన్నారేమో.

అందుకే నిర్ణయం తీసుకున్నాను. మార్చి చివరి వారం స్కూల్‌కి సెలవులు. చాండ్లర్ వస్తున్నాం, నేనూ భవితా. దాని పన్ను నువ్వే చేస్తావు. తెలిసిన మనిషి, తెలుగు మనిషి, నా మనిషి. టికెట్లు చూస్తున్నాను.

గీత


చాండ్లర్
మార్చి 9

గీతా,

తొందరపడకే. అంత దూరం విమానంలో పంటి బాధతో పిల్లని తీసుకురావడం మంచిది కాదు. పైగా సొంతవాళ్ళకి మనమే చేయకూడదని ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఆ వారం క్లినిక్ బాగా రద్దీ. మా ఆయన చక్రపాణికి చిప్‌ల ఫ్యాక్టరీలో షిఫ్టులు మారుతున్నాయి. ఎండలు కూడా మొదలయ్యాయి.

మీ పక్కనే రాలీలో మంచి పిల్లల డెంటిస్టులు చాలామంది ఉంటారు. ఇంకొకర్ని చూడు.

ఛాయ


క్యారీ
మార్చి 12

ఛాయా,

మీ క్లినిక్‌కి ఫోన్ చేసి నేనే అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. మార్చి 26, ఉదయం పది గంటలకి. రిసెప్షనిస్ట్ చాలా మంచి మనిషి, నీ గురించి ఎంతో చెప్పింది. టికెట్లు తీసేశాను, వాపసు రావు. మీ ఇంట్లో దిగుతాం.

గీత


చాండ్లర్
మార్చి 15

గీతా,

మూడు రోజులుగా ఈ మెయిల్ మొదలుపెట్టి చెరిపేస్తున్నాను.

నేనిక్కడ డాక్టర్ని కాదు. డెంటల్ అసిస్టెంట్‌ని. డాక్టర్ పక్కన నిలబడి పరికరాలు అందిస్తాను. నోట్లో నీళ్ళు లాగే గొట్టం పట్టుకుంటాను. కుర్చీ తుడుస్తాను. ఏడుస్తున్న పిల్లల చెయ్యి పట్టుకుని మాట్లాడతాను. గుంటూరులో ఆరేళ్ళు చేసింది నిజం. కానీ ఆ డిగ్రీతో ఇక్కడ పళ్ళు ముట్టుకోనివ్వరు. బోర్డ్ పరీక్ష రాయాలి, మళ్ళీ రెండు మూడేళ్ళు కాలేజీలో చదవాలి. పరీక్ష పాసయ్యాను. కాలేజీలకి రెండేళ్ళు వరసగా అప్లై చేశాను. మొదటిసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను, రెండోసారి అదీ లేదు. చక్రపాణికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఈ ఉద్యోగంలో చేరాను.

చేరిన రోజు ఫోటో పిన్నికి పంపాను. ఆవిడ "మా అమ్మాయి అమెరికాలో డాక్టర్" అని చుట్టాలందరికీ పెట్టింది. దిద్దాల్సింది. ఆ రోజే అయితే ఒక్క ముక్కలో అయిపోయేది. నెల గడిచాక దిద్దితే అదొక వార్త అవుతుంది. ఏడాది గడిచింది. ఫోన్‌లో అయితే నువ్వు అడిగే ప్రశ్నలకి నా గొంతే నన్ను పట్టిస్తుంది. నువ్వు ఉత్తరాలు అనగానే నాకెంత ప్రాణం లేచొచ్చిందో!

మా డాక్టర్ పేరు కృతి. ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్ళు. చెయ్యి చాలా మంచిది. పేషెంట్ల ముందు నన్ను ఛాయా అంటుంది, లంచ్ రూమ్‌లో ఛాయా ఆంటీ అంటుంది. ఏ పిలుపు ఎక్కువ గుచ్చుకుంటుందో ఇంకా తేల్చుకోలేదు.

నీకు రాసిన సలహాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. పిల్లలకి అబద్ధం చెప్పొద్దని పేరాగ్రాఫులు రాసి, కింద డాక్టర్‌లాగా సంతకం పెట్టాను. నువ్వు రానంటే అర్థం చేసుకుంటాను. వస్తే మంచం, అన్నం, నేను, అన్నీ ఉంటాయి.

ఛాయ


క్యారీ
మార్చి 15, సాయంత్రం

ఛాయా,

పన్నెండో తారీఖునే తెలుసు నాకు. డాక్టర్ ఛాయాదేవి కావాలి అంటే రిసెప్షనిస్ట్ నవ్వి, "అందరూ అలాగే అనుకుంటారు" అంది. నువ్వు రాస్తావా లేదా అని చూశాను. నాలుగో రోజు కూడా రాయకపోతే ఏం చేసేదాన్నో తెలీదు.

కోపం రాలేదని రాయలేను. వచ్చింది. నా పిల్ల పన్ను విషయంలో ఎవరి మాట వింటున్నానో తెలుసుకోవాల్సింది కదా నేను? రఘు మాత్రం "సలహాలు పని చేయకపోవడానికి కారణం ఆమె లైసెన్స్ కాదు, నీ షీట్" అన్నాడు. మళ్ళీ మాటల్లేవు మా ఇద్దరికీ.

వస్తున్నాం. టికెట్లు వాపసు రావన్నాను కదా. అదొక్కటే కారణం కాదు.

గీత


చాండ్లర్
ఏప్రిల్ 1

గీతా,

మీరు క్షేమంగా చేరారని రఘు మెసేజ్ చూశాను. ఉన్న నాలుగు రోజులూ భవిత మన మధ్యే ఉంది కాబట్టి ఇది నీకు చెప్పలేకపోయాను. తల్లిదండ్రులు బయట కూర్చోవడం మా క్లినిక్ పద్ధతి. తలుపు వెనక ఏం జరిగిందో నీకు తెలియాలి.

దిగిన రోజు నుంచీ అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు, చూశావుగా. విమానంలో అలసిపోయిందన్నావు. అలసట కాదు. కుర్చీలో పడుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది. కృతి పక్క గదిలో ఇంకో పిల్లాణ్ణి చూస్తోంది. నేను ఏమీ ముట్టుకోకుండా పక్కన కూర్చున్నాను. చాలాసేపయ్యాక వేళ్ళ సందుల్లోంచి అడిగింది.

"నువ్వు డాక్టర్ ఆంటీయా?"

"కాదమ్మా. ఇండియాలో డాక్టర్ని. ఇక్కడ అసిస్టెంట్‌ని."

గీతా, ఈ దేశం వచ్చాక ఆ మాట నా నోటితో పైకి అనడం అదే మొదటిసారి.

"అసిస్టెంట్ అంటే?"

"డాక్టర్‌కి హెల్ప్ చేస్తాను. ఇదిగో, ఈ గొట్టం పట్టుకుంటాను."

"షాట్ ఇస్తావా?"

"ఇవ్వను. నాకు పర్మిషన్ లేదు."

"ఎవ్రీబడీకి ఇవ్వవా?"

"ఎవ్వరికీ ఇవ్వకూడదు. ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

చేతులు కొంచెం కిందికి జరిగాయి. "మరి అమ్మ చెప్పింది, రైస్ ఫినిష్ చేయకపోతే డాక్టర్ ఆంటీ వస్తుంది, బిగ్ సూది ఇస్తుంది అని. రోజూ చెప్తుంది. ఫోన్‌లో కూడా పిలుస్తుంది, 'హలో డాక్టర్ ఆంటీ, భవిత తినట్లేదు' అని. అది నువ్వు కాదా?"

కాదన్నాను. అలాంటి ఆంటీ ఎవరూ లేరన్నాను. అది ఇంకా నమ్మలేదు. నా రెండు జేబులూ తిరగేసి చూపించమంది. చూపించాను. పెన్నూ, చూయింగ్ గమ్ కాగితమూ ఉన్నాయి.

పాపం, నువ్వు దాన్ని ఎక్కడికి తీసుకొస్తున్నానని చెప్పావో ఆలోచించు. డాక్టర్ ఆంటీ ఇంటికి. నాలుగు రోజులు ఉండటానికి. అది విమానం ఎక్కడమే గొప్ప.

నేను ఏడాదిగా సిగ్గుపడి దాచుకున్న సంగతి అది వినగానే, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. నాకు లైసెన్స్ లేదని ఇంత సంతోషించినవాళ్ళని ఇంతవరకు చూడలేదు.

ఆ తర్వాత నిజం మిగతాది కూడా చెప్పాను. "సూది కృతి వేస్తుంది. ముందు జెల్లీ రాస్తుంది. తర్వాత గట్టిగా నొక్కినట్టుంటుంది, కొంచెం నొప్పి కూడా ఉంటుంది. నేను ఐదు లెక్కపెట్టేలోపు అయిపోతుంది. చెయ్యెత్తితే ఆపుతుంది."

"నొప్పి బ్యాడ్ వర్డ్" అంది.

"కాదు. నొప్పి వస్తే నొప్పి అనాలి."

నోరు తెరిచింది. కృతి వచ్చి చేసింది. లెక్క ఏడు దాకా వెళ్ళింది. మొద్దుబారిన పెదవితోనే "ఫైవ్ అన్నావు" అని నిలదీసింది. తప్పు లెక్క చెప్పానని ఒప్పుకున్నాను. డ్రిల్ మొదలుపెట్టగానే చెయ్యెత్తింది. కృతి ఆపింది. "ఏమైందమ్మా?" అంటే "ఏం లేదు. చెక్ చేశాను" అంది. ఇంకోసారి చెక్ చేసింది. కృతి ఇంకోసారీ ఆపింది. ఆ తర్వాత పన్ను మీద స్టీల్ టోపీ బిగించేదాకా ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది.

ఇది నిన్ను దెప్పడానికి రాయడం లేదు. దెప్పే అర్హత నాకుందా? కానీ ఇంటికెళ్ళాక దానికి నువ్వే చెప్పాలి.

ఛాయ


క్యారీ
ఏప్రిల్ 6

ఛాయా,

నీ మెయిల్ ఆఫీస్‌లో చదివి, మీటింగ్ రూమ్ తలుపేసుకుని కూర్చున్నాను.

అవును, అంటాను. దానికి రెండేళ్ళ వయసు నుంచీ అంటున్నాను. మా అమ్మ నాకు అలాగే అన్నం పెట్టింది. నాకది బెదిరింపని ఎప్పుడూ తోచలేదు, వంటలో తాలింపు లాగా అన్నం పెట్టడంలో అదొక భాగం అనుకున్నాను. నాలుగు పుస్తకాల్లోనూ బెదిరించొద్దని ఉంది. చదివినప్పుడు ఎంత బాగా రాశారో అనుకున్నాను. నేరం మాత్రం రఘు వాళ్ళమ్మ మీద వేశాను. ఆవిడ ఉన్న నెల్లాళ్ళూ కాకి కథలు, కుక్క కథలు చెప్పి గంటసేపు ఓపిగ్గా తినిపించారు.

నిన్న సాయంత్రం అన్నం దగ్గర భవితకి చెప్పాను. డాక్టర్ ఆంటీ అనే ఆవిడ లేదు, నేనే కల్పించాను, ఫోన్‌లో అవతల ఎవరూ ఉండరు, సారీ అన్నాను. అది స్పూన్ కింద పెట్టింది.

"మరి తినకపోతే ఏం అవుతుంది?"

నాలుక చివర సూది తప్ప ఇంకేమీ లేదు.

"ఏమీ అవదు. కాసేపటికి ఆకలేస్తుంది."

"అంతేనా?"

"అంతే."

ఆలోచించుకుంది. నాలుగు ముద్దలు తిని లేచింది. గిన్నెలో సగం మిగిలిపోయింది. నేను దాని వెనక వెళ్ళకుండా కుర్చీలోనే కూర్చున్నాను. ఛాయా, ఈ ఏడాది నేను చేసిన పనుల్లో అంత కష్టమైంది ఇంకొకటి లేదు.

స్కూల్లో అందరికీ వెండి పన్ను చూపిస్తోంది. టీచర్‌తో "మై ఆంటీ ఈజ్ నాట్ ఎ డాక్టర్" అని గర్వంగా చెప్పిందట. ఆవిడ నన్ను అడిగింది, ఇంతకీ పన్ను ఎవరు చేశారని.

ఒకటి అడగనా? కాలేజీకి మళ్ళీ అప్లై చేస్తావా? వద్దనుకుంటే వద్దనుకున్నానని రాయి. నాకు ఏదైనా సరే.

గీత


చాండ్లర్
ఏప్రిల్ 20

గీతా,

అప్లై చేస్తున్నాను. మూడోసారి. వస్తుందో రాదో తెలీదు. కృతి రికమెండేషన్ లెటర్ రాసిచ్చింది. తను చూసిన వాళ్ళందరిలో నేనే బెస్ట్ అసిస్టెంట్‌నని రాసింది. సంతోషించాలో ఏడవాలో తెలీక మూడుసార్లు చదివాను. నాలుగోసారి సంతోషించాను.

భవిత ముందు చెప్పగలిగినదాన్ని పిన్ని ముందు చెప్పలేనా అని ఆదివారం గుంటూరుకి ఫోన్ చేశాను. "పిన్నీ, నేనిక్కడ డాక్టర్ని కాదు, అసిస్టెంట్‌ని" అన్నాను. "అసిస్టెంట్ ప్రొఫెసరా? ఎప్పుడైంది? చెప్పనే లేదేం!" అంది. కాదు పిన్నీ అంటుంటే, కుక్కర్ విజిల్ వేసిందని పెట్టేసింది.

గంటలో చుట్టాల గ్రూప్‌లో పెట్టేసింది. నీలం స్క్రబ్స్ ఫోటో మళ్ళీ వచ్చింది, ఈసారి చుట్టూ పూలతో. అభినందనలు పదిహేడు. చక్రపాణి ఊరుకోమన్నాడు. ఊరుకోలేదు. ఒక్కొక్కరికీ విడిగా రాయడానికి కూర్చున్నాను. "నేను ప్రొఫెసర్ని కాదండీ. డాక్టర్‌ని కూడా కాదు. డాక్టర్ పక్కన నిలబడి గొట్టం పట్టుకుంటాను, పిల్లలు భయపడితే చెయ్యి పట్టుకుంటాను, కుర్చీ తుడుస్తాను."

మొదటి జవాబు మా భీమశంకరం బాబాయి దగ్గర్నుంచి వచ్చింది.

"అంత పెద్ద పదవిలో ఉండి కూడా ఎంత వినయం తల్లీ!"

ఇంకా పదహారుమందికి రాయాలి. ఉంటానే.

ఛాయ